మీ నిద్రకు ఏమైందో ముందు తెలుసుకోండి

“రాత్రిళ్లు నిద్ర సరిగా ఉండటం లేదు” అని నోరు తెరిస్తే చాలు, మన ఇళ్లల్లో సలహాలకు కొదవ ఉండదు. పడుకునే ముందు గోరువెచ్చని పాలు తాగమంటారు. అరికాళ్లకు కొబ్బరినూనె రాయమంటారు. ఆలోచనలు తగ్గించుకోమంటారు. ఒంటికి పని చెబితే నిద్ర అదే ముంచుకొస్తుందంటారు. వీటిలో చెడ్డ సలహా ఏదీ లేదు. కానీ ఆ మాటే అన్న నలుగురిని తీసుకుంటే, ఒకరికి మెదడు మెలకువ స్థితి నుంచి దిగకపోవడం వల్ల నిద్ర పట్టకపోవచ్చు. రెండోవారికి నిద్రలో గొంతు మూసుకుపోతూ ఉండవచ్చు. మూడోవారికి ఒంట్లో ఇనుము చాలక కాళ్లు నిలవకపోవచ్చు. నాలుగోవారి జీవగడియారానికీ ఉద్యోగ వేళలకూ పొంతన తప్పి ఉండవచ్చు. నలుగురికీ పాలిచ్చి ప్రయోజనం లేదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ తర్వాత జరిగేది. ఏ చిట్కా పనిచేయకపోయేసరికి ఆ మనిషి తనను తానే తిట్టుకుంటాడు. మనసు అదుపులో లేదనుకుంటాడు, క్రమశిక్షణ లేదనుకుంటాడు, పగలు కునికితే ఇంట్లోవాళ్లే బద్ధకమంటారు. నిద్ర రుగ్మతకు స్వభావంతో సంబంధం లేదు. మెదడులో, ఒంట్లో ఫలానా చోట ఫలానా మార్పు వల్ల అది వస్తుంది. ఆ చోటు ఏదో తెలిస్తే చాలావాటికి దారి ఉంది.

ఈ సంగతి మొదట బయటపడింది ఒక మహమ్మారి వల్ల. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1916-17 చలికాలంలో, వియన్నాలో కాన్‌స్టాంటిన్ ఫాన్ ఎకనోమో అనే నరాల వైద్యుడి దగ్గరికి వింత రోగులు వచ్చారు. కొందరు వారాల తరబడి నిద్రలోనే ఉండేవారు. లేపితే జవాబు చెప్పి మళ్లీ నిద్రలోకి జారిపోయేవారు. అదే జబ్బు పడిన మరికొందరికి కంటి మీద కునుకే కరువైంది. చనిపోయినవారి మెదళ్లను ఆయన పరీక్షించాడు. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంటుంది. దాని వెనుక వైపు దెబ్బతిన్నవారు మత్తులో మునిగినవారు. ముందు వైపు దెబ్బతిన్నవారు నిద్రపోలేనివారు. మెదడు అలసి ఆగిపోతే నిద్ర వస్తుందన్న పాత ఊహకు అక్కడ గట్టి దెబ్బ తగిలింది. మెలకువ లాగే నిద్ర కూడా మెదడు పనిగట్టుకుని చేసే పని.

ముందు వైపు కణాలు గాబా అనే రసాయనంతో మెలకువ కేంద్రాలను అణచివేస్తాయనీ, మెలకువ కేంద్రాలు తిరిగి వీటిని అణచివేస్తాయనీ తర్వాతి పరిశోధకులు కనుక్కున్నారు. ఒక పక్షం గెలిస్తే రెండోది తగ్గుతుంది. 1998లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా ఆరెక్సిన్ అనే రసాయనాన్ని గుర్తించాయి. తలుపు గాలికి కొట్టుకోకుండా గొళ్లెం ఎలా పట్టి ఉంచుతుందో, మెలకువను ఆరెక్సిన్ అలా పట్టి ఉంచుతుంది. దాన్ని తయారుచేసే కణాలు నశించినవారికి నార్కోలెప్సీ వస్తుంది. తరగతిలో, భోజనం మధ్యలో, మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్ర ముంచుకొస్తుంది. పగలబడి నవ్వితే మోకాళ్లు సడలి కూలబడతారు. ఇది సాధారణంగా చదువుకునే వయసులోనే మొదలవుతుంది కాబట్టి, సోమరి అన్న పేరు, చేతబడి అన్న అనుమానం, మూర్ఛ అన్న తప్పు నిర్ధారణ, అన్నీ అయ్యాక గానీ సరైన వైద్యుడి దగ్గరికి చేరరు. నవ్వినప్పుడు ఒళ్లు సడలే పిల్లవాడు మీకు తెలిస్తే దయచేసి న్యూరాలజిస్టుకు చూపించమని చెప్పండి.

ఇక మనలో ఎక్కువమందిని పీడించే నిద్రలేమి దగ్గరికి వద్దాం. దానికి ముందు రెండు శక్తుల గురించి చెప్పాలి. 1982లో అలెగ్జాండర్ బోర్బెలీ వీటిని ఒక నమూనాగా వివరించాడు. ఒకటి నిద్ర ఒత్తిడి. మేలుకుని ఉన్న ప్రతి గంటా మెదడులో అడెనోసిన్ అనే రసాయనం పోగవుతుంది. అది పెరిగేకొద్దీ కళ్లు బరువెక్కుతాయి, పడుకుంటే తగ్గుతుంది. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని మనవాళ్లు అన్నది ఈ ఒత్తిడి బాగా పెరిగిన మనిషి గురించే. పొలంలో పగలంతా వంగి పనిచేసినవారికి గట్టు మీదైనా నిద్ర పడుతుంది. కాఫీ ఈ అడెనోసిన్ కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది. ఒంట్లో దాని మోతాదు సగానికి తగ్గడానికి దాదాపు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన కప్పులో సగం రాత్రి పదకొండుకు ఇంకా మీలో ఉందన్నమాట.

రెండోది జీవగడియారం. కంటి నరాలు కలుసుకునే చోటుకి సరిగ్గా పైన, సుమారు 20,000 కణాల గుంపు ఒకటి పగలు రాత్రుల లెక్క చూస్తుంటుంది. వెలుతురు చూసి అది తన వేళ దిద్దుకుంటుంది. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోను విడుదల చేయిస్తుంది. నిద్ర ఒత్తిడి చాలినంత పెరిగి, గడియారం కూడా రాత్రి అని చెప్పినప్పుడు రెండూ కలిసి మనల్ని పడుకోబెడతాయి.

అన్నీ సరిగా ఉన్నా నిద్ర పట్టనివారి మెదడులో ఏం జరుగుతుంది? నిద్రలోనూ వారి మెదడు తరంగాల్లో మెలకువకు చెందిన వేగమైన తరంగాలు ఎక్కువగా కనిపిస్తాయి. మెలకువ కేంద్రాలు తగ్గవలసినంత తగ్గవు. “రాత్రంతా రెప్ప వాల్చలేదు” అని వాళ్లు చెప్పినప్పుడు, “నువ్వు గుర్రు పెట్టడం నేను విన్నాను” అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేస్తారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పడుకున్న మనిషి మెదడులో కొంత భాగం కాపలా మానలేదు.

ఆర్థర్ స్పీల్‌మన్ అనే మనస్తత్వవేత్త నిద్రలేమికి మూడు రకాల కారణాలు చెప్పాడు. పుట్టుకతో వచ్చే స్వభావం ఒకటి. నిద్రను మొదట చెడగొట్టే సంఘటన రెండోది: కూతురి పెళ్లి అప్పు, ఉద్యోగం పోవడం, ఆసుపత్రిలో తండ్రి. మూడోది, ఆ సంఘటన గడిచిపోయాక కూడా నిద్రలేమిని బతికించే మన అలవాట్లు. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఇదే, ఎందుకంటే మన చేతిలో ఉన్నదీ ఇదే. నిన్న నిద్ర పట్టలేదని ఇవాళ తొమ్మిదింటికే పడక ఎక్కుతాం. తెల్లవారాక ఇంకో గంట దొర్లుతాం. మధ్యాహ్నం కునుకు తీస్తాం. ఒక్కొక్కటీ న్యాయంగానే అనిపిస్తుంది. కలిపి చూస్తే నిద్ర ఒత్తిడిని మనమే చిల్లర చిల్లరగా ఖర్చుపెడుతున్నాం. పడక మీద గంటల తరబడి గడియారం చూస్తూ పడుకోవడం వల్ల మెదడు మరో పాఠం నేర్చుకుంటుంది. పరుపు, దిండు, ఆర్పిన దీపం, ఇవన్నీ ఆందోళనకు గుర్తులైపోతాయి. హాల్లో టీవీ ముందు తూగిన మనిషి మంచం ఎక్కగానే చురుగ్గా మేలుకోవడానికి కారణం ఇదే.

దీనికి విరుగుడు వినడానికి తలకిందులుగా ఉంటుంది: పడక మీద గడిపే సమయం తగ్గించాలి. రెండు వారాలు ఒక నోటుపుస్తకంలో ఎప్పుడు పడుకున్నారో, సుమారుగా ఎంత నిద్రపోయారో, ఎప్పుడు లేచారో ఉదయాన్నే రాయండి. రాత్రి గడియారం చూసి రాయవద్దు. సగటున ఎనిమిదిన్నర గంటలు పడక మీద ఉండి అయిదున్నర గంటలు నిద్రపోతున్నారనుకుందాం. లేచే వేళ అయిదున్నర అని ఖాయం చేసుకోండి, ఆదివారమైనా పండగైనా. అయితే రాత్రి పన్నెండుకు ముందు మంచం ఎక్కకూడదు. లెక్క ఎంత వచ్చినా అయిదు గంటలకన్నా తగ్గించవద్దు. పడక మీద ఉన్న సమయంలో 85 శాతం నిద్రలో గడుస్తున్నట్టు వారం రోజుల పుస్తకం చెబితే, పడుకునే వేళను పావుగంట ముందుకు జరపండి. ఆ తర్వాత వారం మళ్లీ చూసుకోండి. ఇరవై నిమిషాలు అయిందనిపించినా నిద్ర రాకపోతే లేచి మరో చోట మసక వెలుతురులో కూర్చోండి. విసుగు పుట్టించే పుస్తకమో, ఉతికిన బట్టలు మడత పెట్టడమో చాలు. కళ్లు మూతలు పడుతుంటేనే తిరిగి రండి.

రెండు గదుల ఇంట్లో ఇది అంత సులువు కాదు. అర్ధరాత్రి మీరు హాల్లో కూర్చుంటే అమ్మ లేచి వచ్చి “ఏమైంది నాన్నా, ఇంకా పడుకోలేదా?” అని అడుగుతుంది. ఆ ప్రేమకు జవాబు చెబుతూ మీరు పూర్తిగా మేలుకుంటారు. కాబట్టి మొదలుపెట్టే ముందే ఇంట్లో అందరికీ చెప్పండి. మొదటి రెండు వారాలు పగలు మరింత మగతగా ఉంటుందని కూడా చెప్పండి. నిజంగానే ఉంటుంది, అక్కడే చాలామంది వదిలేస్తారు. డ్రైవర్లు, యంత్రాల మీద పనిచేసేవారు, మూర్ఛ లేదా బైపోలార్ జబ్బు ఉన్నవారు వైద్యుడి పర్యవేక్షణ లేకుండా ఈ పద్ధతి మొదలుపెట్టకూడదు. మిగతావారి విషయంలో, దీర్ఘకాలిక నిద్రలేమికి మాత్రల కన్నా ముందు ఇవ్వవలసిన చికిత్స ఇదేనని, అంటే ఈ అలవాట్లనూ ఆలోచనలనూ కలిపి సరిదిద్దే చికిత్స అని, అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో స్పష్టంగా చెప్పింది. వారానికి కనీసం మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు సాగితే దాన్ని దీర్ఘకాలికం అంటారు. నిద్రలేమితో పాటు బతుకు మీద ఆశ సన్నగిల్లుతుంటే ఆ మూడు నెలలూ ఆగవద్దు. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

మాత్రల గురించి గట్టిగా చెప్పాలి. ఎప్పుడో ఒకసారి ఎవరికో రాసిన ఆల్‌ప్రాజోలం చీటీ మన ఊళ్లల్లో ఏళ్ల తరబడి ఇంటిల్లిపాదికీ పనిచేస్తుంటుంది. ఆ మందు గాబా ప్రభావాన్ని పెంచి మత్తు తెస్తుంది. నిద్ర వస్తుంది, కానీ గాఢనిద్రలో ఉండవలసిన నిదానమైన తరంగాలు తగ్గుతాయి. కొన్ని వారాలకు అదే మోతాదు చాలదు. పెద్దవయసువారు రాత్రి బాత్‌రూమ్‌కు లేచి తూలిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారు. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేది కూడా తరచుగా ఈ మందే. అలాంటి కల్లుకు అలవాటుపడ్డవారు అది దొరకని రోజుల్లో వణుకుతో, ఫిట్స్‌తో, పిచ్చి మాటలతో ఆసుపత్రులకు రావడం ఇక్కడి వైద్యులకు బాగా తెలుసు. అందుకే, చాలాకాలంగా ఈ మాత్ర వేసుకుంటున్నవారు ఈ పేరా చదివి రేపటి నుంచి ఆపేయకండి. వైద్యుడు చెప్పినట్టు వారాల మీద కొంచెం కొంచెంగా తగ్గించాలి.

మద్యం కూడా తొందరగా నిద్రపుచ్చుతుంది, తెల్లవారుజామున బాకీ వసూలు చేస్తుంది. రెండో సగం రాత్రి నిద్ర ముక్కలైపోతుంది. పైగా అది గొంతు కండరాలను సడలిస్తుంది.

ఆ గొంతు దగ్గరే రెండో పెద్ద జబ్బు ఉంది. “గురక పెట్టి హాయిగా పడుకున్నాడు” అంటాం మనం. గురక హాయికి గుర్తు అన్న నమ్మకం ఎంతమంది ప్రాణాల మీదికి తెచ్చిందో! మేలుకుని ఉన్నప్పుడు నాలుకను, గొంతును తెరిచి ఉంచే కండరాలకు మెదడు కాండం ఆదేశాలు పంపుతూనే ఉంటుంది. నిద్రలో ఆ ఆదేశాలు తగ్గుతాయి. గొంతు ఇరుకుగా ఉన్నవారిలో దారి మూసుకుపోతుంది. గురక ఆగుతుంది, ఛాతీ ఎగసిపడుతుంది, లోపలికి గాలి పోదు. రక్తంలో ప్రాణవాయువు తగ్గి బొగ్గుపులుసు వాయువు పెరిగేసరికి మెదడు ఉలిక్కిపడి ఒక్క క్షణం మేలుకొలుపుతుంది. పెద్ద శబ్దంతో ఊపిరి లోపలికి దూకుతుంది. మళ్లీ నిద్ర. ఆ మనిషికి ఇదేమీ గుర్తుండదు. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. పది సెకన్లు, అంతకుమించి ఊపిరి ఆగడాలను, బాగా తగ్గడాలను గంటకు ఎన్ని అని లెక్కిస్తారు. అయిదు దాటితే జబ్బు ఉన్నట్టు, 30 దాటితే తీవ్రం. అంటే రాత్రంతా రెండేసి నిమిషాలకు ఒకసారి.

ప్రతి ఉలికిపాటుతో అడ్రినలిన్ ఎగసి, రాత్రి తగ్గవలసిన రక్తపోటు తగ్గదు. మూడు రకాల బీపీ మాత్రలు వేసుకున్నా అదుపులోకి రానివారిలో ఈ జబ్బును తప్పక వెతకాలి. మూసుకున్న గొంతుతో గాలి పీల్చే ప్రయత్నంలో గుండె గది సాగి, మూత్రాన్ని పెంచే హార్మోను విడుదలవుతుంది. రాత్రి నాలుగుసార్లు లేచేవారు షుగరో ప్రోస్టేటో అనుకుంటారు, అసలు కారణం ఒక్కోసారి గొంతులో ఉంటుంది. తెలుగువారికి ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ పాటలిచ్చిన సంగీత దర్శకుడు బప్పీలహరి 2022 ఫిబ్రవరిలో కన్నుమూసినప్పుడు, వైద్యులు చెప్పిన కారణాల్లో స్లీప్ ఆప్నియా ఉంది. ఆ పేరు చాలామంది మొదటిసారి విన్నది అప్పుడే.

లావుగా ఉన్నవారికే వస్తుందనుకోవద్దు. దవడ చిన్నదైనా, వెనక్కి ఉన్నా సన్నటివారికీ వస్తుంది. ఆడవాళ్లలో ముట్లుడిగాక పెరుగుతుంది. వాళ్లు గురక గురించి సిగ్గుతో చెప్పరు, పొద్దున్నే తలనొప్పి, నీరసం అంటారు. పిల్లల్లో టాన్సిల్స్, ఎడినాయిడ్స్ వాచి గురక వస్తుంటే, వాళ్లు మత్తుగా ఉండటానికి బదులు అల్లరిగా, నిలకడ లేకుండా తయారవుతారు. బడిలో చెడ్డపేరు తెచ్చుకున్న పిల్లవాడు రాత్రి నోరు తెరుచుకుని పడుకుంటున్నాడేమో ఒకసారి చూడండి.

దీనికి మంచి చికిత్స ఉంది. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్ ముక్కు మీద మాస్కు పెట్టి గాలి ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచవచ్చని చూపించాడు. దాన్నే సీపాప్ అంటాం. మొదట్లో మాస్కు ఇబ్బందిగానే ఉంటుంది. పగలు టీవీ చూస్తూ కాసేపు పెట్టుకుని అలవాటు చేసుకుంటే రాత్రికి సులువవుతుంది. కొందరికి బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, దంతవైద్యులు చేసే దవడ పరికరం సాయపడతాయి. భర్త గురక భరించలేక వేరే గదిలోకి మారిన భార్యలు, పక్కవాళ్ల ముందు చిన్నబోయి ఊళ్లకు వెళ్లడం మానేసిన పెద్దమనుషులు, మీటింగులో కునికి ఉద్యోగంలో మాటపడినవారు, వీళ్లందరికీ వైద్యం అందుబాటులో ఉండి కూడా అందకపోవడం నాకు చాలా కష్టంగా అనిపిస్తుంది.

పొద్దుగూకాక కాళ్లు పీకుతున్నాయని మన ఇళ్లల్లో ఆడవాళ్లు చెప్పడం, ఎవరో ఒకరు కూర్చుని పిసకడం ఎంత మామూలంటే, అదొక జబ్బు కావచ్చని ఎవరికీ తోచదు. పడుకోగానే కాళ్లల్లో ఏదో పాకినట్టు, కదిలించక తప్పనట్టు ఉండి, లేచి నడిస్తే తగ్గుతుంటే అది రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ కావచ్చు. మెదడు డోపమైన్ అనే రసాయనం తయారుచేసుకోవడానికి ఇనుము కావాలి. మెదడులో ఇనుము తక్కువైతే ఈ బాధ వస్తుంది, సాయంత్రానికి పెరుగుతుంది. గర్భిణుల్లో మరీ ఎక్కువ. మన దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. హిమోగ్లోబిన్ ఒక్కటే చూపించుకుంటే చాలదు, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష అడగండి. అది 75 లోపు ఉంటే ఈ బాధ ఉన్నవారికి వైద్యులు సాధారణంగా ఇనుము ఇస్తారు. ఆ మాత్ర వేసుకునే వేళకు టీ దగ్గరికి రానివ్వకండి, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

కలలొచ్చే నిద్రలో మెదడు కాండం ఒంటి కండరాలను కట్టిపడేస్తుంది. మెలకువ వచ్చాక కూడా ఆ కట్టు కాసేపు వీడకపోతే, దయ్యం గుండెల మీద కూర్చుందని భయపడతాం. క్షణాల్లో అదే పోతుంది, హాని లేదు. దీనికి ఎదురు పరిస్థితిని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. యాభై దాటినవారు కలలోని దెబ్బలాటను నిజంగానే ఆడుతూ, చేతులు విసురుతూ, మంచం మీంచి పడుతుంటే న్యూరాలజిస్టును కలవాలి. 1986లో షెంక్, మహోవాల్డ్ అనే అమెరికన్ వైద్యులు ఈ జబ్బును వర్ణించారు. ఇలాంటివారిలో చాలామందికి ఏళ్ల తర్వాత పార్కిన్సన్స్ లేదా దానికి దగ్గరి జబ్బు వస్తుందని తర్వాత తెలిసింది. ఈలోగా మంచం ఎత్తు తగ్గించండి, పక్కన గాజు వస్తువులు ఉంచకండి. కొన్ని డిప్రెషన్ మందుల వల్ల కూడా ఇది రావచ్చు కాబట్టి వాడుతున్న మందులన్నీ వైద్యుడికి చెప్పండి.

అమెరికా వేళలకు పనిచేసే హైదరాబాద్ ఉద్యోగులకు ఒక మాట. తెల్లవారి ఇంటికి వచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి, కిటికీలకు మందపాటి తెరలు వేయండి, డ్యూటీకి ముందు గంటన్నర పడుకోండి. వారం వారం షిఫ్టు మారిస్తే గడియారం ఎటూ సర్దుకోలేదు. అడిగే అవకాశం ఉంటే నెలకొకసారి మార్చమని అడగండి.

జబ్బేమీ లేకుండా తక్కువ పడుకునేవారు కూడా ఒక ప్రయోగ ఫలితం తెలుసుకోవాలి. 2003లో వెలువడిన అమెరికా అధ్యయనంలో రెండు వారాలపాటు రాత్రికి ఆరు గంటలు లేదా అంతకన్నా తక్కువ పడుకున్నవారి ఏకాగ్రత, ఒకటి రెండు రాత్రులు పూర్తిగా మేలుకున్నవారి స్థాయికి దిగజారింది. తమకు మగత కొంచెమే ఉందని మాత్రం వాళ్లు చెప్పారు. “నాకు అలవాటే” అనే మాటను స్టీరింగు పట్టుకున్న మనిషి నోట విన్నప్పుడు నాకు భయమేస్తుంది. తెల్లవారుజామున హైవే మీద కళ్లు మూతలు పడితే కిటికీ దించడం, పాటలు పెట్టడం చాలవు. బండి ఆపి ఇరవై నిమిషాలు పడుకోండి.

వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు రెండు వారాల నోటుపుస్తకం, వాడే మందుల చీటీలు, మీరు నిద్రపోతున్నప్పుడు ఇంట్లోవాళ్లు ఫోనులో తీసిన వీడియో తీసుకెళ్లండి. వీలైతే పక్కన పడుకునే మనిషిని కూడా వెంట తీసుకెళ్లండి, మీకు తెలియని సగం కథ వాళ్లకు తెలుసు. గురకకు ఊపిరితిత్తుల వైద్యుడు లేదా ఈఎన్‌టీ, కాళ్లకూ కలల్లో కదలికలకూ న్యూరాలజిస్టు, నిద్రలేమికి సైకియాట్రిస్టు లేదా క్లినికల్ సైకాలజిస్టు. అవసరమైతే ఒక రాత్రి పరీక్ష రాస్తారు. తలకు, ఛాతీకి, కాళ్లకు తీగలు అంటించి మెదడు తరంగాలు, ఊపిరి, కదలికలు నమోదు చేస్తారు. నొప్పి ఉండదు. ఆ రోజు మధ్యాహ్నం పడుకోవద్దు, కాఫీ మానండి, రోజువారీ మాత్రలు వేసుకోవాలో వద్దో ముందే అడగండి. తలస్నానం చేసి, తలకు నూనె రాసుకోకుండా వెళ్లండి. నూనె ఉంటే తీగలు అంటుకోవు.